అక్షరం అందని చోట బొమ్మ: ఉత్తరాంధ్ర ఆరోగ్య ప్రచారంలో ఒక పాత కథ

పూర్వం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళే రోగి చేతిలో ఒక ఖాళీ సీసా ఉండేది. మందుల గది కిటికీ దగ్గర కంపౌండరు ఆ సీసాలో మిక్చరు పోసి, సన్నని కాగితపు పట్టీని మడతలు పెట్టి, కత్తెరతో అంచున గాట్లు తీసి, సీసా పొడవునా అంటించి ఇచ్చేవాడు. ఒక గాటు నుంచి దాని కింది గాటు వరకు ఒక మోతాదు. పొద్దున ఒక గాటు, రాత్రి ఒక గాటు అని నోటితో ఒకసారి చెబితే చాలు, అక్షరం ముక్క రానివారు కూడా కొలత తప్పకుండా మందు తాగేవారు. మీలో అరవై దాటిన వారికి ఆ సీసా గుర్తుండే ఉంటుంది. దానిని ఎవరూ ఆరోగ్య విద్య అనలేదు. చదువు రాని రోగికి వైద్య సమాచారాన్ని కంటికి కనబడేలా అందించిన తొలి సాధనాలలో అది ఒకటని నా అభిప్రాయం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇటువంటి సాధనాల అవసరం మిగతా రాష్ట్రం కంటే ఎక్కువగానే ఉండేది. 1991 జనాభా లెక్కల నాటికి కూడా ఈ రెండు జిల్లాల్లో అక్షరాస్యత 40 శాతానికి చేరలేదు. 2011లో శ్రీకాకుళంలో సుమారు 62 శాతం, విజయనగరంలో సుమారు 59 శాతం. ఆడవారిని మాత్రమే లెక్కిస్తే సగానికి అటూ ఇటూ. నేటి వృద్ధురాళ్ళలో ఎక్కువమంది బడి ముఖం చూడనివారే. అందువలన గోడల మీద, అట్టల మీద, సినిమా హాలు స్లైడుల మీద బొమ్మలతో ఆరోగ్యం బోధించే ప్రయత్నం ఇక్కడ దశాబ్దాల పాటు సాగింది. బొమ్మ వేస్తే చదువు రానివారికి దానంతట అదే అర్థమవుతుందని మనం సులువుగా అనుకుంటాము. ఈ చరిత్రను పరిశీలిస్తే విషయం అంత సులువు కాదని తెలుస్తుంది.

అన్నిటికంటే బాగా పనిచేసిన బొమ్మతో మొదలు పెడతాను. మశూచి నిర్మూలన ఉద్యమంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గుర్తింపు కార్డు తయారు చేసింది. దాని మీద మశూచి పొక్కులతో నిండిన ఒక పసిబిడ్డ రంగుల ఛాయాచిత్రం. 1973 నుంచి ఉత్తరాది రాష్ట్రాలలో, తరువాత దేశమంతటా జరిగిన ఇంటింటి గాలింపులో కార్యకర్తలు ఆ కార్డును గడప దగ్గర, బడిలో, సంతలో చూపించి ఒకే ప్రశ్న అడిగేవారు: ఇలాంటి జబ్బు ఎక్కడైనా చూశారా? మన పల్లెల్లో అమ్మవారు పోసింది అంటే అది మశూచి కావచ్చు, ఆటలమ్మ కావచ్చు, కొన్ని చోట్ల తట్టు కూడా కావచ్చు. మాట ఒక్కటే, జబ్బులు మూడు. మశూచి పొక్కులు ముఖం మీద, చేతుల మీద, కాళ్ళ మీద దట్టంగా వస్తాయి, అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా వస్తాయి. ఆటలమ్మ పొక్కులు ఛాతీ, వీపు మీద ఎక్కువ. ఈ తేడాను మాటలతో చెప్పాలంటే ఒక ఉపన్యాసం కావాలి. ఛాయాచిత్రం క్షణంలో చెప్పింది. రోగి ఉన్నాడని చెప్పిన వారికి బహుమతి కూడా ప్రకటించారు. అది పెరుగుతూ చివరకు 1,000 రూపాయలకు చేరింది. మన దేశంలో చివరి మశూచి రోగి 1975 మే నెలలో అస్సాంలోని కరీంగంజ్ ప్రాంతంలో బయటపడింది. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘం భారతదేశం మశూచి రహితమని ధ్రువీకరించింది.

ఆ కార్డు ఎందుకు పనిచేసింది? అది ఎవరికీ హితబోధ చేయలేదు. మీరు చూసినది ఇదేనా అని అడిగింది. చూసేవారికి అప్పటికే ఆ జబ్బు తెలుసు, బొమ్మ వారి జ్ఞాపకాన్ని తట్టి లేపింది, అంతే. పైగా కార్డు ఒంటరిగా గోడకు వేలాడలేదు, దానిని పట్టుకొని ఒక మనిషి ఎదురుగా నిలబడ్డాడు. ఈ రెండు సంగతులను మనసులో ఉంచుకొని తక్కిన కథ చదవండి.

1960ల చివర కుటుంబ నియంత్రణ కోసం తలకిందులు చేసిన ఎర్ర త్రికోణం వచ్చింది. ఢిల్లీలో ఆ శాఖ అధికారిగా ఉన్న దీప్ త్యాగి దీనికి ప్రధాన రూపకర్త. త్రికోణంతోపాటు తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, నాలుగు ముఖాలు. ఇద్దరు లేక ముగ్గురు చాలు అనే నినాదం. ఆరోగ్య కేంద్రం గోడ నుంచి నిరోధ్ పొట్లం దాకా అంతటా అదే గుర్తు. గుర్తుగా అది గొప్పగా విజయం సాధించింది. చదువు రానివారు కూడా ఎర్ర త్రికోణం చూడగానే అది ఏ ఆఫీసో చెప్పగలిగేవారు. అయితే గుర్తుపట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఒక వైపు ఇద్దరు పిల్లలతో నవ్వుతున్న కుటుంబం, మరో వైపు గంపెడు పిల్లలతో దిగాలుగా ఉన్న కుటుంబం వేసిన పోస్టర్లను చూసి పల్లెవాసులు మొదటి కుటుంబం మీదే జాలిపడ్డారని, పాపం వారికి ఇద్దరే మిగిలారా అన్నారని వైద్య విద్యార్థులకు పాఠంగా చెప్పేవారు. ఏ ఊళ్ళో జరిగిందో ఎవరూ చెప్పరు గాని, పసిబిడ్డలు దక్కుతారన్న నమ్మకం లేని రోజుల్లో ఆ మాటలో తర్కం ఉన్నది. బొమ్మ గీసిన చిత్రకారునికి తక్కువ మంది అంటే సుఖం. చూసిన తల్లికి తక్కువ మంది అంటే చావులు.

ఇక మన్యం సంగతి. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లోని సవరలకు బొమ్మలు కొత్త కావు. ఎర్రమట్టి అలికిన ఇంటి గోడ మీద బియ్యపు పిండితో మనుషులను, గుర్రాలను, సూర్యచంద్రులను, చెట్లను చిత్రించే సంప్రదాయం వారిది. ఒడిశా వైపు వీటిని ఇడితాల్ అంటారు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం గురించి ప్రచురించిన పెద్ద గ్రంథంలో ఈ చిత్రాల వివరాలున్నాయి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, ఏ ఆత్మ కోపగించిందో పూజారి తెలుసుకొని, దానిని శాంతింపజేయడానికి బొమ్మ వేయించేవాడు. ఆ బొమ్మ ఆత్మ వచ్చి కూర్చునే చోటు. అందులో రైళ్ళు, సైకిళ్ళు కూడా చేరాయి, ఎందుకంటే ఆత్మకు కూడా వాహనం కావాలి కదా.

ఒక్క నిమిషం ఆలోచించండి. గోడ మీది బొమ్మకు, జబ్బుకు తరతరాల సంబంధం ఉన్న ఇంటికి మనం వెళ్ళి దోమ బొమ్మ అంటించి వచ్చాము. మన దృష్టిలో అది హెచ్చరిక. గోడ మీది బొమ్మ అంటే పిలుపు, మర్యాద, నైవేద్యం అని తెలిసిన వారి దృష్టిలో అది ఏమిటి? పోనీ బొమ్మ కింద రాత ఉన్నది కదా అంటే, ఆ రాత తెలుగు, వారి ఇంటి భాష సవర. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పాఠ్యపుస్తకాలు వ్రాసి, వ్యాకరణాన్ని, నిఘంటువును సిద్ధం చేశారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయనను తలచుకుంటాము గాని, ఆరోగ్య శాఖ పోస్టర్లు అచ్చువేసేవారు ఆయన నుంచి నేర్చుకోవలసినది ఎంతో ఉన్నది.

బొమ్మను చదవడం కూడా నేర్చుకోవలసిన విద్యే అని శాస్త్రీయంగా చూపిన అధ్యయనాలలో నేపాల్‌లో జరిగినది ప్రసిద్ధం. డయానా ఫసెల్, ఆన్ హాలండ్ అనే ఇద్దరు 1970ల మధ్యలో అక్కడి పల్లెలలో అనేక రకాల బొమ్మలు చూపి, ఏమి కనబడుతున్నదో చెప్పమన్నారు. వెలుగునీడలు దిద్ది మనిషిని స్పష్టంగా గీసిన బొమ్మలు బాగా తెలిశాయి. అతి సరళంగా, శైలి కోసం గీసినవి అందరికంటే తక్కువ తెలిశాయి. నగరంలోని చిత్రకారుడు సులభం అనుకునేదే పల్లెలో కష్టమయింది. మూడు బొమ్మలు వరుసగా వేస్తే వాటిని ఎడమ నుంచి కుడికి కథగా చదవాలని చాలామందికి తోచలేదు. తోచకపోవడంలో వింత లేదు, ఎడమ నుంచి కుడికి అన్నది అక్షరాలు నేర్చిన కంటికి పట్టిన అలవాటు మాత్రమే. బొమ్మ నుంచి సలహా తీసుకోవచ్చన్న ఊహ కూడా వారికి కొత్తే. బొమ్మ అంటే అలంకారం, లేదా దేవుడు. మాత్రల కవరు మీద ఉదయానికి సూర్యుని, రాత్రికి చంద్రుని వేసే అలవాటును కూడా ఈ దృష్టితో చూడాలి. ఆ సూర్యుడు పొద్దుటి సూర్యుడా, మధ్యాహ్నపు సూర్యుడా? నోటితో చెప్పనిదే తెలియదు.

కుష్ఠు వ్యాధి విషయంలో మన జిల్లాలకు పెద్ద చరిత్రే ఉన్నది. ఒకప్పుడు దేశంలో ఈ వ్యాధి బాగా ప్రబలిన ప్రాంతాలలో ఇవి ఉండేవి. సాలూరులో లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రి, బలిజిపేట దగ్గర చిలకలపల్లిలో గాంధీ స్మారక కుష్ఠు నివారణ సంస్థ వారి కేంద్రం పనిచేశాయి. సర్వే, విద్య, చికిత్స అనే మూడు మెట్ల పద్ధతిని దేశానికి అందించినది ఆ గాంధీ సంస్థే. 1980ల తొలి సంవత్సరాలలో బహుళ ఔషధ చికిత్స ప్రారంభమైన తొలి జిల్లాలలో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి.

కుష్ఠు ప్రచారంలో రెండు రకాల బొమ్మలు తిరిగాయి. మొదటి రకం వేళ్ళు కొరుకుడుపడిన చేతులు, చప్పిడి ముక్కు. వీటిని చూసిన వారు భయపడ్డారు, నిజమే. భయపడి ఏమి చేశారు? తమకు అలాంటి చేతులు లేవు గనుక తమకు ఆ జబ్బు లేదనుకున్నారు, అలాంటి చేతులున్న వారిని మరింత దూరం పెట్టారు. రెండవ రకం మామూలు మనిషి వీపు, దాని మీద చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త పాలిపోయిన ఒక మచ్చ. చూడటానికి భయం కలిగించనిది. దురద లేదు, నొప్పి లేదు, ముట్టుకుంటే తెలియదు, ఇలాంటిది మీ ఒంటి మీద ఉన్నదా అని కార్యకర్త అడుగుతాడు. మశూచి కార్డు అడిగిన ప్రశ్నే ఇదీ. రోగిని ఆసుపత్రికి తెచ్చినది ఈ రెండవ బొమ్మ. మొదటిది కలిగించిన భయం వ్యాధి తగ్గిన తరువాత కూడా సమాజంలో మిగిలింది.

చికిత్స మందులు వచ్చిన అట్ట కూడా ఒక చక్కని బొమ్మ. ఇరవై ఎనిమిది రోజుల మందులు వరుసగా బుడగలలో, ఒక రోజు తరువాత మరొక రోజు ఎటు వెళ్ళాలో బాణం గుర్తులు. పెద్దల అట్టలకు ఒక రంగు, పిల్లల అట్టలకు మరొక రంగు. ఖాళీ బుడగలు చూస్తే రోగి ఎన్ని రోజులు మందు వేసుకున్నాడో కార్యకర్తకు తెలుస్తుంది. కంపౌండరు గాట్ల పట్టీకి ఇది మనుమడు.

ఇంతసేపు చెప్పినదంతా, ఇప్పుడు చెప్పబోయే అడ్డపొగ కోసమే.

చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొనను నోటి లోపల పెట్టుకొని తాగే అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవారిలో, ఎన్నో తరాలుగా ఉన్నది. దీని వలన గట్టి అంగిలికి, అనగా నోటి పైకప్పుకు, క్యాన్సరు వస్తుంది. ప్రపంచంలో చాలా చోట్ల ఆ స్థానంలో క్యాన్సరు అరుదు. టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ ఖానోల్కర్ తన సహచరితో కలిసి 1945లోనే చుట్టకూ అంగిలి క్యాన్సరుకూ సంబంధాన్ని ప్రచురించారు. 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు కోస్తా ఆంధ్రలో నిప్పు లోపల పెట్టి తాగే చుట్ట మీద ప్రత్యేకంగా వ్రాశారు. ఆ తరువాత బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ దంత పరిశోధకుడు ఫలీ మెహతా, డెన్మార్కు శాస్త్రవేత్త జెన్స్ పిండ్‌బోర్గ్, ప్రకాశ్ గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లా పల్లెలలో ఇంటింటికి వెళ్ళి 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. వారిలో నూటికి సుమారు 44 మందికి అడ్డపొగ అలవాటున్నదని 1971లో ప్రకటించారు. మన పల్లెటూళ్ళ పేరు ప్రపంచ వైద్య గ్రంథాలకు ఎక్కినది ఈ విధంగా.

అదే బృందం 1970ల చివర మరో అడుగు వేసింది. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలలో 36,000కు పైగా పొగాకు వాడేవారిని ఎంచుకొని, ఏటేటా నోరు పరీక్షించి, మనిషికి మనిషి ఎదురుగా కూర్చొని చెప్పడం ద్వారా, ప్రచార సాధనాల ద్వారా పొగాకు మానమని బోధించింది. ఐదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బోధన పొందినవారిలో మానినవారు, తగ్గించినవారు స్పష్టంగా ఎక్కువ. అంగిలి మీద క్యాన్సరుకు ముందు కనబడే మార్పులు శ్రీకాకుళం మగవారిలో బాగా తగ్గాయి. ఆడవారిలో కూడా తగ్గాయి గాని మగవారిలో తగ్గినంతగా తగ్గలేదు.

ఎందుకని? అలవాటు ఆడవారిలోనే లోతుగా పాతుకున్నది అన్నది ఒక కారణం. నిప్పు నోట్లో దాగి ఉంటుంది, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి, గాలికి ఆరదు, పెద్దల ఎదుట కనబడదు. ఇంకొక కారణం నా అనుభవం నుంచి చెబుతాను. మనిషి తన అంగిలిని తాను చూసుకోలేడు. చేతి మీది మచ్చ కనబడుతుంది, పెదవి మీది పుండు కనబడుతుంది. నోటి పైకప్పు మీద ఏమి జరుగుతున్నదో అద్దం, దీపం, తల వెనక్కి వంచి పట్టుకునే మరొక మనిషి ఉంటే తప్ప తెలియదు. తొలిదశలో నొప్పి కూడా ఉండదు. పోల్చి చూసుకోవడానికి ఏమీ లేని చోట, ఎంత మంచి ఫోటో చూపినా అది ఎవరో పరాయి మనిషి నోరే.

తరువాత చట్టం వచ్చింది. 2009 మే 31 నుంచి పొగాకు పెట్టెల మీద బొమ్మల హెచ్చరిక తప్పనిసరి అయింది. మొదట నమిలే పొగాకుకు తేలు బొమ్మ, పొగతాగే వాటికి ఊపిరితిత్తుల ఎక్స్‌రే. తేలు చూసి క్యాన్సరు తలచుకోవాలని ఎవరికి తోచిందో నాకు ఇప్పటికీ బోధపడదు. ఎక్స్‌రే సంగతి చెప్పనక్కరలేదు, దానిని చదవడానికి మేము ఏళ్ళ తరబడి చదువుకున్నాము. తరువాత బొమ్మలు మారాయి, 2016 ఏప్రిల్ నుంచి పెట్టెలో 85 శాతం మేర హెచ్చరికే ఉండాలన్నారు. నోటి క్యాన్సరు ఫోటోలు వచ్చాయి. మంచి మార్పే.

కాని మన పల్లెలో అడ్డపొగ తాగే అవ్వ చుట్టలను ఎలా కొంటుందో మీకు తెలుసు. చిల్లర కొట్టులో విడిగా నాలుగు, లేదా దారంతో కట్టిన ఒక కట్ట. కొందరు పొగాకు కొని ఇంట్లోనే చుట్టుకుంటారు. దానికి పెట్టె లేదు. పెట్టె లేదు గనుక బొమ్మ లేదు. దేశంలో బొమ్మ హెచ్చరిక ఎవరికి అన్నిటికంటే అవసరమో, చదువు రాని, పొగాకు నిప్పును నేరుగా అంగిలికి తాకించుకునే ఆ మనిషికే అది చేరలేదు.

అయితే ఈనాడు ప్రతి ఇంట్లోనూ ఒక దీపం, ఒక కెమెరా కలిసిన వస్తువు ఉన్నది. మీ అమ్మమ్మగారికో, నాయనమ్మగారికో, పక్కింటి పెద్దావిడకో అడ్డపొగ అలవాటుంటే ఈ పని చేయండి. ఆవిడను వెలుతురులో కూర్చోబెట్టి, కట్టుడు పళ్ళుంటే తీయించి, నోరు పుక్కిలించమనండి. తల వెనక్కి వంచి నోరు పెద్దగా తెరవమని, ఫోను దీపం వెలిగించి అంగిలి ఫోటో తీయండి. మొదటి రెండు మూడు ఫోటోలు సరిగా రావు, విసుగుపడవద్దు. తరువాత ఆ ఫోటోను పెద్దది చేసి ఆవిడకే చూపండి, పక్కన అలవాటు లేని మరొకరి అంగిలి ఫోటో కూడా. ఏమి కనబడుతున్నదో ముందు ఆవిడనే చెప్పనివ్వండి, మీరు తొందరపడి ఉపన్యాసం మొదలు పెట్టవద్దు.

మామూలు అంగిలి లేత గులాబీ రంగులో తడిగా ఉంటుంది. తెల్లగా మందంగా గట్టిపడటం, ఆ తెలుపులో ఎర్రని చుక్కలు, కొంత మేర రంగు పోయి పాలిపోవడం అడ్డపొగ తాగేవారిలో తరచుగా కనబడే మార్పులు. వీటన్నిటిలో ఎక్కువ జాగ్రత్తపడవలసినవి ఎర్రగా నునుపుగా మారిన భాగం, పైకి లేచిన గడ్డ, రెండు వారాలు దాటినా మానని పుండు. వీటిలో ఏది కనబడినా ఆలస్యం చేయకుండా దంత వైద్యునికి గాని, చెవి ముక్కు గొంతు వైద్యునికి గాని చూపించండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రులలోనూ, విశాఖపట్నం కె.జి.హెచ్‌లోనూ, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఈ పరీక్షలు జరుగుతాయి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతామంటే భయపడవద్దు, ముక్క తీస్తే క్యాన్సరు పాకుతుందన్న మాటలో నిజం లేదు. పుండు, గడ్డ వంటివి లేకుండా తెల్లని మార్పు మాత్రమే ఉంటే, ఒకసారి వైద్యునికి చూపించిన తరువాత, చుట్ట మాన్పించి, మూడు నెలలకు మళ్ళీ అదే వెలుతురులో ఫోటో తీసి పాతదాని పక్కన పెట్టి ఆవిడకు చూపండి. వైద్యుని దగ్గరకు వెళ్ళేటపుడు తేదీలతో రెండు ఫోటోలూ వెంట ఉంచుకోండి.